ఫ్లాష్ అందేంత దూరం

2005లో మా చిన్న మావయ్య షిప్ దిగి వచ్చినప్పుడు సింగపూర్‌లో కొన్న కెమెరా ఒకటి తెచ్చాడు, కేనన్ పవర్‌షాట్ ఏ520. వైజాగ్‌లో చాలా ఇళ్లల్లో మర్చంట్ నేవీలో పనిచేసే చుట్టం ఒకడుంటాడు, ఆయన దిగాడంటే సెంటు బాటిళ్లు, చాక్లెట్లు, ఏదో ఒక ఎలక్ట్రానిక్ సామాను వస్తాయని పిల్లలందరికీ తెలుసు. ఆసారి సెంటు బాటిళ్ల వైపు ఎవడూ చూడలేదు. 4 మెగాపిక్సెళ్లు, 4ఎక్స్ జూమ్, వెనకాల 1.8 అంగుళాల స్క్రీన్, అందులో తీసిన ఫోటో అప్పుడే కనిపించేస్తుంది అంటే మా అమ్మమ్మ నమ్మలేదు, ఆవిడ ఫోటోనే తీసి చూపిస్తే "ఒలమ్మో, నన్నడక్కుండా తీసీసేవేట్రా" అని తిట్టి, తర్వాత ఇంకోసారి చూపించమంది.

అంతకుముందు మా ఇంట్లో రీలు కెమెరా ఉండేది. రీలుకి 36 ఫోటోలు, అవి అయ్యేదాకా కడగడానికి ఇవ్వకూడదు, ఇది నాన్న రూలు. సంక్రాంతికి వేసిన రీలు వేసవి సెలవుల దాకా నడిచేది, "ఇంకా నాలుగున్నాయి, పెళ్లికి ఉంచుదాం" అనేవాడు. అప్పుడు డాబాగార్డెన్స్‌లో ఒక స్టూడియోకి ఇస్తే వచ్చే కవర్లో భోగిమంట, అప్ప (మా అక్క) పుట్టినరోజు, ఎవరో చుట్టాల గృహప్రవేశం, అన్నీ వరసగా ఉండేవి, మధ్యలో రెండు మూడు ఎవరి మోకాలో ఎవరి భుజమో. వాటికి కూడా డబ్బులు కట్టినందుకు నాన్న వాటిని పారేసేవాడు కాదు, ఆల్బమ్ చివర్లో ఇప్పటికీ ఉన్నాయి.

కొత్త కెమెరాతో రీలు బాధ పోయింది గానీ వేరే బాధ వచ్చింది. దాంతో పాటు పెట్టెలో ఇచ్చిన కార్డు 16 ఎంబీ. జీబీ కాదు, ఎంబీయే. పెద్ద సైజు, మంచి క్వాలిటీ పెట్టుకుంటే పది ఫోటోలు కూడా పట్టవు అందులో. అందుకని కైలాసగిరి వెళ్లినా, భీమిలి వెళ్లినా మధ్యమధ్యలో ఆగి ఏది తీసెయ్యాలో మీటింగు పెట్టాల్సి వచ్చేది. ఎండలో స్క్రీన్ కనపడదు కదా, అమ్మ చీర కొంగు తలమీదుగా లాగి కెమెరా మీద కప్పితే ఆ నీడలో అయిదారు తలకాయలు దూర్చి చూసేవాళ్లం. "ఇందులో నా కళ్లు మూసుకున్నాయి తీసెయ్" అని అప్ప, "అందులో నేను బావున్నాను ఉంచు" అని పిన్ని, ఎవరూ బాగోలేని ఫోటో అయితే తగువు లేకుండా పోయేది. ఎన్ని మంచి ఫోటోలు ఆ కొంగు కింద పోయాయో! తర్వాత మావయ్యే ఇంకో ట్రిప్పులో 256 ఎంబీ కార్డు తెచ్చాడు, ఆ రోజు నుంచి మీటింగులు బంద్, ఇల్లంతా ఎడాపెడా తీసుడే.

దానికి కావాల్సింది పెన్సిల్ సెల్స్ రెండు. మామూలు కిరాణా కొట్టు సెల్స్ వేస్తే పట్టుమని పాతిక ఫ్లాషులు కొట్టకుండానే బ్యాటరీ మార్చమని ఎర్రగా చూపించి ఆగిపోయేది, అదే సెల్స్ తీసి గోడ గడియారంలో వేస్తే నెలల తరబడి నడిచేవి. కెమెరాకి ఒక్కసారిగా బోలెడు కరెంటు కావాలి, లెన్స్ బయటికి రావాలి, ఫ్లాష్ ఛార్జ్ అవ్వాలి, గడియారానికి అలాంటిదేం అక్కర్లేదు, అందుకని ఒకచోట చచ్చిన సెల్ ఇంకోచోట బతుకుతుంది. ఈ సంగతి కనిపెట్టాక మా ఇంట్లో గడియారానికీ టీవీ రిమోట్‌కీ సెల్స్ కొనడం మానేశాం. తర్వాత ఛార్జ్ చేసుకునే సెల్స్ వచ్చాయి, రాత్రి పెట్టడం మర్చిపోతే తెల్లారి సింహాచలం కొండ మీద ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడం వేరే కథ.

ఫోటోలన్నీ ఎక్కించుకోడానికి మాకు కంప్యూటర్ లేదు, మద్దిలపాలెంలో నెట్ సెంటర్‌కి కేబుల్ పట్టుకెళ్లి సీడీ రాయించుకునేవాళ్లం. ఆర్కుట్ అనే సోషల్ మీడియా సైటు వచ్చాక కథ మారింది, మొదట్లో వాడు పన్నెండు ఫోటోలే పెట్టనిచ్చేవాడు, ఆ పన్నెండులో ఏది ఉండాలన్నదానికి మా ఫ్రెండ్స్ పడ్డ కష్టం ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి కూడా పడలేదు. అందరికీ ఒకే ఫోటో ఉండేది మళ్లీ, బీచ్‌లో సబ్‌మెరైన్ ముందు, చేతులు కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని.

ఆ సబ్‌మెరైన్ గురించి ఒకటి చెప్పాలి. ఐఎన్‌ఎస్ కుర్సురా 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, 2002లో ఆర్కే బీచ్ ఇసక మీదకి లాగి మ్యూజియం చేశారు. పొడుగు 91 మీటర్లు. దాన్ని ముందునుంచి వెనకదాకా మొత్తం ఫ్రేమ్‌లో పెట్టి, ముందు మేమందరం నిలబడి, ఒకటే ఫోటో తియ్యాలని నాన్న పంతం. ఆ కెమెరాకి ఎంత వెడల్పు పెట్టినా దాదాపు సబ్‌మెరైన్ పొడుగంత దూరం వెనక్కి వెళ్తే గానీ పట్టదు, ఆ లెక్క అప్పుడు ఎవరికి తెలుసు. ఆయన స్క్రీన్‌లోకి చూసుకుంటూ వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, రోడ్డు మీదకి వెళ్లిపోయాడు, ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, అమ్మ ఇక్కణ్ణుంచి అరుస్తోంది, "ఏవండీ, ఫోటో అక్కర్లేదు ఏం అక్కర్లేదు, మీరొచ్చెయ్యండి" అని. ఫోటో వచ్చింది. అందులో సబ్‌మెరైన్ తోక కట్టయిపోయింది, మేం ఎవరెవరమో తెలియదు, అమ్మ చెయ్యెత్తి ఉండటం వల్ల ఆవిడొక్కత్తిని గుర్తుపట్టొచ్చు.

ఇప్పుడు ఆ పాత ఫోటోలన్నీ ముందేసుకుని చూస్తే నాకు అర్థమైంది ఏంటంటే, దూరం నుంచి తీసినవి ఒక్కటీ బాగా రాలేదు. కొండలు, సముద్రం, డాల్ఫిన్ నోస్ కొండ, హార్బర్‌లో ఓడలు, ఏవీ బాలేదు, అన్నీ పాలిపోయి ఉన్నాయి. బావున్నవన్నీ చెయ్యి చాపితే అందేంత దగ్గర్నుంచి తీసినవే. దానికి మా గొప్పతనం ఏం లేదు, కారణం ఫ్లాష్. ఆ కెమెరాలో ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో తీసే శక్తి) 400 దాటదు, ఆ 400 దగ్గరే ఫోటో నిండా రంగురంగుల చుక్కలు వచ్చేస్తాయి, కాబట్టి పొద్దుగూకితే ఫ్లాష్ వెయ్యక తప్పదు. ఆ ఫ్లాష్ చూస్తే మూడు మూడున్నర మీటర్లకి మించి పోదు. జూమ్ చేస్తే ఇంకా తక్కువ, ఎందుకంటే జూమ్ చేసినప్పుడు లెన్స్ లోపలికి వెలుతురు తక్కువ రానిస్తుంది. అంటే ఏంటి, మనిషి మొహం పడాలంటే నువ్వు మనిషి దగ్గరికి నడిచి వెళ్లాలి. దూరంగా నిలబడి దొంగతనంగా తీసే అవకాశమే లేదు, వెళ్లాలి, నవ్వాలి, "ఒక్క నిమిషం" అనాలి, ఫ్లాష్ ఛార్జ్ అయ్యేదాకా నారింజ లైటు మెరుస్తూ ఉంటే ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ నిలబడాలి.

బీచ్‌లో మురీ మిక్స్చర్ అమ్మే ఒకాయన ఫోటో ఉంది నా దగ్గర, 2007దో 2008దో. వెనకాల సముద్రం అస్సలు లేదు, అంతా నలుపు, అలల నురుగు కూడా పడలేదు. ముందర ఆయన చెయ్యి, స్టీలు గిన్నె, పైన ఉల్లిపాయ ముక్కలు, పేపరు పొట్లం మడతలో సగం కనిపిస్తున్న సినిమా హీరోయిన్ మొహం, బొటనవేలి గోరు మీద పసుపు, నిమ్మకాయ పిండుతుంటే గాల్లో ఆగిపోయిన ఒక చుక్క. ఆ చుక్క అప్పుడు చూసుకోలేదు, చాలా ఏళ్ల తర్వాత పెద్ద స్క్రీన్ మీద చూస్తే కనపడింది. అది ఆగింది కూడా ఫ్లాష్ వల్లే, సెకనులో చాలా చిన్న వంతు మాత్రమే వెలుగుతుంది కాబట్టి. ఇదే ఫోటో ఇప్పుడు ఫోన్‌తో తీసి చూశాను, చాలా శుభ్రంగా వచ్చింది, వెనకాల అలలు, లైట్లు, పక్కన ఎవడో ఐస్‌క్రీం బండి, అన్నీ సమానంగా కనిపిస్తున్నాయి. రాత్రిని సాయంత్రం చేసేస్తున్నాయి ఈ ఫోన్లు, నాకెందుకో అది నచ్చదు, చీకటి పడ్డాక బీచ్ చీకటిగానే ఉంటుంది కదా.

అలలు ఆ కెమెరాతో తియ్యడం మాత్రం పెద్ద పరీక్ష. బటన్ సగం నొక్కితే ఫోకస్ చేసి బీప్ మంటుంది, పూర్తిగా నొక్కాలి, ఒకేసారి నొక్కేస్తే ఆలోచించుకుని ఆలోచించుకుని తీసేసరికి అల వచ్చి, మన చెప్పులు తడిపి, వెళ్లిపోయి ఉంటుంది. ముందే సగం నొక్కి పట్టుకుని కూచోవాలి. మా తమ్ముడు దీంట్లో ఎక్స్‌పర్ట్ అయిపోయాడు, అల రాగానే అందరం ఎగిరితే వాడు తీసినవాటిలో అందరూ గాల్లో ఉంటారు, నేను తీసినవాటిలో అందరూ దిగిపోయి మోకాళ్లు వంచి ఉంటారు.

హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పకుండా ఈ కెమెరా గురించి రాయడం కుదరదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పటికి అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాయి, కేనన్ బీరువాలో చీరల వెనక్కి వెళ్లిపోయి చాలా కాలమైంది. ఆ రోజు గాలి గురించి వైజాగ్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్లకి చెప్పినా తెలియదు. మర్నాడు తలుపు తీస్తే వీధి వీధిలా లేదు, చెట్లన్నీ అడ్డంగా, కరెంటు స్తంభాలు వంగిపోయి, కొండలు చూస్తే పచ్చదనం మొత్తం ఎవరో గీకేసినట్టు గోధుమరంగులో ఉన్నాయి. కరెంటు రోజుల తరబడి లేదు. ఫోన్లలో ఛార్జింగ్ మొదటి రోజే అయిపోయింది, ఉన్న కాస్త ఛార్జింగ్ కూడా సిగ్నల్ కోసం దాచుకోవాలి, ఫోటోలు తీసే పనికి ఎవరు పెడతారు. అప్పుడు అమ్మకి గుర్తొచ్చింది, "ఆ మావయ్య కెమెరాకి సెల్స్ చాలు కదా" అని. గడియారంలోవి తీస్తే సరిపోలేదు, సందు చివర కొట్టాయన షట్టర్ సగం ఎత్తి కొవ్వొత్తులు అమ్ముతున్నాడు, ఆయన దగ్గర రెండు జతలు దొరికాయి.

ఆ నాలుగు సెల్స్‌తో తీసిన ఫోటోలే మా అక్కయ్యపాలెం వీధికి ఉన్న హుద్‌హుద్ రికార్డు. ఎదురింటి రేకులు మా మేడ మీద, నీళ్ల ట్యాంకర్ దగ్గర బిందెల వరస, పాలప్యాకెట్ల క్యూ. కానీ నేను మళ్లీ మళ్లీ చూసేవి రాత్రివి. ఫ్రిజ్‌లు పనిచెయ్యవు కదా, ఎవరింట్లో ఏముంటే అది పాడవకముందే వండెయ్యాలని నాలుగిళ్లవాళ్లం మా వరండాలో కలిసి తిన్నాం. అంతకుముందు పక్కింటి అంకుల్‌తో నేను "నమస్తే అండీ" దాటి మాట్లాడింది లేదు. ఆ ఫోటోలో ఆయన బనీనుతో మా నాన్న పక్కన కూచుని, అరిటాకు ముక్కలో చేపల పులుసు, నోట్లో ముల్లు తీసుకుంటూ ఉన్నారు, ఫ్లాష్‌కి కళ్లు ఎర్రగా పడ్డాయి. కొవ్వొత్తి ఉంది గానీ దాని వెలుగు పడలేదు, వెనకాల గోడ దాకా ఫ్లాష్ వెళ్లింది, దాని మీద మా అందరి నీడలు. ఆ ఏడాది ఊరంతా ఎండిన కొమ్మలే అని దీపావళికి టపాసులు కాల్చొద్దన్నారు, మా వీధి పిల్లలు ఆ కెమెరా ఫ్లాష్ కొట్టించుకుని అదే చిచ్చుబుడ్డి అనుకున్నారు, దాంతో సెల్స్ ఖాళీ.

మళ్లీ బీరువాలోకి వెళ్లిపోయింది. సముద్రం పక్క ఊరు కాబట్టి లెన్సుల్లో ఫంగస్ పట్టడం మామూలు, అమ్మ మాత్రం చెప్పుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు అన్నీ దాచి దాంతో పాటు పెట్టింది, సెల్స్ బయటికి తీసేసింది, అందుకే ఇప్పటికీ నడుస్తోంది. సెల్స్ లోపలే వదిలేస్తే కారిపోయి స్ప్రింగులు తుప్పు పడతాయి, చాలామంది కెమెరాలు అలాగే పోయాయి.

ఇప్పుడు మా అప్ప కూతురు, ఇంటర్ చదివే గుంట, దాని మీద కన్నేసింది. వాళ్ల కాలేజీలో అందరూ డిజీక్యామ్, డిజీక్యామ్ (పాత చిన్న డిజిటల్ కెమెరాలు) అంటున్నారట, "మావయ్యా, సీసీడీ సెన్సర్ కలర్స్ వేరు, ఫోన్‌కి రావు" అని నాకే క్లాసు పీకింది. సీసీడీ అంటే కెమెరాలో వెలుతురుని పట్టే చిప్, దాన్ని 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ అనే ఇద్దరు కనిపెట్టారు, దానికి 2009లో నోబెల్ కూడా వచ్చింది, అందులో అబద్ధం ఏం లేదు. ఫోన్లలో ఉండేది సీమాస్ అనే ఇంకో రకం చిప్. కానీ ఆ రంగులన్నీ సీసీడీ మహిమే అంటే నేనొప్పుకోను. కెమెరా లోపల జేపెగ్ చేసేటప్పుడు కంపెనీవాడు రంగులు ఎలా వండాడన్నది ఒకటి, నేరుగా మొహం మీద కొట్టే ఫ్లాష్ ఒకటి, నీడల్ని ఎత్తి చూపించే తెలివి దానికి లేకపోవడం ఒకటి, ఇవన్నీ కలిస్తేనే ఆ రూపం. సీసీడీకి ప్రత్యేకంగా ఉన్న లక్షణం ఒకటి నేను చూపించా దానికి, రుషికొండలో పొద్దున్నే సూర్యుడి వైపు పెడితే స్క్రీన్ మీద నిలువుగా ఊదారంగు గీత వస్తుంది, వీడియోలో కూడా ఉండిపోతుంది, ఫోటోలో మాత్రం రాదు, షట్టర్ మూసుకుంటుంది కాబట్టి. ఆ గుంట ఆ గీతే కావాలని వీడియోలు తీసింది. మేం అప్పట్లో కెమెరా పాడైపోయిందేమో అని భయపడ్డ గీత అది.

ఆ గుంటకి కార్డు దొరకడమే కష్టమైంది. ఆన్‌లైన్‌లో 64 జీబీది తెప్పించుకుంది, కెమెరా ఒప్పుకోలేదు. ఆ కాలం కెమెరాలకి పాత రకం ఎస్‌డీ కార్డే కావాలి, అది 2 జీబీ దాకానే, 2006 నుంచి వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ, ఆ తర్వాతవి ఇది చదవలేదు. ఒలింపస్, ఫ్యూజీ పాతవి కొనుక్కున్నవాళ్ల పాట్లు ఇంకా ఎక్కువ, వాటికి ఎక్స్‌డీ కార్డులు, సోనీ వాటికి మెమరీ స్టిక్కులు, ఎవరైనా సెకండ్‌హ్యాండ్‌లో కొనేముందు కార్డు, ఛార్జర్ ఉన్నాయో లేవో అడిగి కొనుక్కోండి. మాకు చివరికి జగదాంబ జంక్షన్ దగ్గర ఒక చిన్న మొబైల్ కొట్లో, గాజు అలమర అట్టడుగున 1 జీబీది దొరికింది. లోపల తేదీ కోసం ఉండే బటన్ సెల్ కూడా అయిపోయింది, మార్చకపోతే ఆన్ చేసినప్పుడల్లా తేదీ అడుగుతుంది.

ఆ గుంట పరీక్షలప్పుడు కెమెరా నాకు తిరిగిచ్చేసింది, అప్పట్నుంచి ఆదివారాలు నేను పట్టుకు తిరుగుతున్నా. 900కే బస్సు ఎక్కి కిటికీ పక్కన కూచుని భీమిలి దాకా, ఒక్కోసారి పాతపోస్టాఫీసు వైపు సందుల్లో, పూర్ణా మార్కెట్లో పువ్వుల కొట్ల దగ్గర. పెద్ద కెమెరా తీస్తే జనం బిగుసుకుపోతారు, ఫోన్ తీస్తే ఎక్కడ పెట్టేస్తాడో అని మొహం తిప్పేసుకుంటారు, దీన్ని చూస్తే మాత్రం నవ్వొస్తుంది వాళ్లకి. లెన్స్ జుయ్‌మని బయటికొచ్చే చప్పుడుకే సగం పని అయిపోతుంది. "ఇది ఇంకా పనిచేస్తాదా" అని ఒకాయన చేతిలోకి తీసుకుని చూసి, తన పెళ్లిలో కూడా ఇలాంటిదే ఉండేదని చెప్పి, పావుగంట వదల్లేదు.

మొన్నామధ్య ఫిషింగ్ హార్బర్‌కి తెల్లారకుండా వెళ్లాను. బోట్లు వచ్చే టైము, పాటలు పాడుతున్నారు, వేలం పాటలు, కాళ్ల కింద మంచు నీళ్లు. ఒకావిడ కవళ్ల చేపల గంప ముందు కూచుంది, దగ్గరికెళ్లి కెమెరా చూపించి తియ్యనా అన్నాను.

"ఏటి బాబూ, రీల్సా?"

"రీల్స్ కాదమ్మా, మామూలు ఫోటో."

"యూట్యూబ్‌లో ఎట్టీవు కదా?"

"దీనికి నెట్ లేదమ్మా, సిమ్ కూడా లేదు."

"అయితే తియ్యి, ఉండు, కొంగు సర్దుకోనీ" అని సర్దుకుని, పక్కనున్నవాళ్లందర్నీ పిలిచింది. చేపల పొలుసుల మీద ఫ్లాష్ పడితే అక్కడక్కడ తెల్లగా మాడిపోతుంది ఫోటో, అందుకని కొంచెం పక్కకి జరిగి తీశాను. స్క్రీన్ మీద చూపిస్తే కళ్లు చికిలించి చూసి, "ఇంత చిన్నదాంట్లో ఏం కనిపిస్తాది, కాయితం మీద తెచ్చి ఇయ్యి" అంది.

కడిగించి తీసుకెళ్లాను, మామూలు నాలుగు ఆరు సైజువి, ఆవిడకి ఒకటి, పక్కవాళ్లకి తలా ఒకటి. ఆవిడ చేతులు చీరకి గట్టిగా తుడుచుకుని అంచులు మాత్రం పట్టుకుని చూసింది. ముక్కుపుడక, పళ్లు, గంప, కత్తి, అన్నీ పడ్డాయి.

"ఎనకాల మా తోటికోడలు నిలబడింది కదా ఆయాల, ఏదీ?"

చూశాను, ఉంది, నల్లటి చీకట్లో చీర అంచు ఒక్కటే కనిపిస్తోంది. "ఫ్లాష్ అందలేదమ్మా ఆవిడ దాకా" అన్నాను.

"అందకపోవడమే మంచిదిలే" అని, అరకేజీ తూచిన కవళ్ల మీద ఇంకో గుప్పెడు వేసి, సంచీ నా చేతిలో పెట్టింది.